పాఠకుల ప్రశ్నలు: వీడియో ఫైలు అసలు రకం కనిపెట్టేదెలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి బాధ ఒక్కటే. వీడియో ఫైలు ఉంది కానీ ఆడదు, లేదా పేరు ఒకటి, లోపల ఉన్నది మరొకటి. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఫైలు సిగ్నేచర్లకే, అంటే ఫైలు అసలు రకాన్ని పట్టిచ్చే గుర్తు బైట్లకే కేటాయించాం. చదివే ముందు రెండు గమనికలు. బైట్లను రాసే హెక్సా (పదహారు అంకెల లెక్క) అంకెల్లో 9 తర్వాత వచ్చే ఆరు అక్షరాలను ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అని తెలుగులోనే అచ్చువేశాం, మీ తెరపై అవి ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపిస్తాయి. బైట్ల స్థానాన్ని ఎప్పుడూ సున్నా నుంచి లెక్కపెట్టాలి. అంటే తొలి బైటు స్థానం 0, అయిదో బైటు స్థానం 4.

ప్రశ్న: మా అన్నయ్య కూతురి పెళ్లి వీడియోను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ పెడితే చక్కగా ఆడుతోంది. టీవీకి పెడితే ‘ఈ ఫార్మాట్ సపోర్ట్ చేయదు’ అంటోంది. ఎంపీ4 అయితే టీవీలో ఆడాలి కదా? (కాకినాడ)

జవాబు: పేరు చివర ఎంపీ4 అని ఎవరైనా రాయొచ్చు. రీనేమ్ చేస్తే పేరు మారుతుంది, లోపలి డేటాలో ఒక్క బైటు కూడా మారదు. వీఎల్‌సీ లోపలి బైట్లు చదివి రకం తేల్చుకుంటుంది కాబట్టి ఆడించేస్తుంది. చాలా టీవీలు పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్‌ను నమ్మి దానికి తగ్గ రీడర్‌ను పిలుస్తాయి, లోపల వేరేది కనబడగానే ఆగిపోతాయి.

ముందు ఫైలు తొలి 64 బైట్లు చూడండి. విండోస్‌లో హెచ్‌ఎక్స్‌డీ అనే ఉచిత హెక్స్ ఎడిటర్ సరిపోతుంది, పెద్ద ఫైళ్లను కూడా ఇబ్బంది లేకుండా తెరుస్తుంది. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ టెర్మినల్‌లో ఎక్స్‌ఎక్స్‌డి కమాండ్‌కు ‘మైనస్ ఎల్ 64’ అని ఇచ్చి, పక్కన ఫైలు పేరు రాస్తే చాలు. తెరపై ఎడమ వరుసలో స్థానం, మధ్యలో బైట్లు, కుడివైపు వాటికి సరిపోయే అక్షరాలు కనిపిస్తాయి. ఎడిటర్‌ను రీడ్-ఓన్లీలో తెరవండి. పొరపాటున ఒక కీ తగిలి సేవ్ అయితే మంచి ఫైలు పాడవుతుంది.

నిజమైన ఎంపీ4 అయితే 4 నుంచి 7 వరకు ఉన్న స్థానాల్లో 66 74 79 70 ఉంటుంది. ఫైలు 1ఎ 45 డిఎఫ్ ఎ3 తో మొదలైతే అది ఎంకేవీ లేదా వెబ్‌ఎం. ఈ రెండూ ఒకే కుటుంబం, తేడా తెలియాలంటే మరికాస్త లోపలికి వెళ్లాలి. 42 82 అనే జంట తర్వాత 88, ఆపైన 6డి 61 74 72 6ఎఫ్ 73 6బి 61 ఉంటే అది మట్రోస్కా, అంటే ఎంకేవీ. 84, ఆపైన 77 65 62 6డి ఉంటే వెబ్‌ఎం. ఇక 52 49 46 46 తో మొదలైతే అక్కడే ఏవీఐ అని తీర్పు చెప్పకండి. అది రిఫ్ అనే ఉమ్మడి కవరు. 8వ స్థానం నుంచి 41 56 49 20 ఉంటేనే ఏవీఐ. అక్కడ 57 41 56 45 ఉంటే వేవ్ ఆడియో, 57 45 42 50 ఉంటే వెబ్‌పీ బొమ్మ. పాత డబ్ల్యూఎంవీ ఫైళ్లు 30 26 బి2 75 8ఇ 66 సిఎఫ్ 11 తో, ఎఫ్‌ఎల్‌వీ ఫైళ్లు 46 4సి 56 01 తో మొదలవుతాయి. డీవీడీ వీఓబీ ఫైళ్ల మొదట్లో 00 00 01 బిఎ కనిపిస్తుంది.

ఎంపీ4 అని పేరున్నా టీవీ తిప్పికొట్టే ఫైళ్లలో తరచూ బయటపడేది ఎంకేవీ. మీదీ అదే అయితే ఒక కాపీ తీసి, దాని పేరు చివర ఎంకేవీ అని మార్చి టీవీలో పెట్టండి. చాలా టీవీలకు అంతే చాలు. అప్పటికీ ఆడకపోతే వీడియోలు మార్చే ఉచిత కమాండ్ సాధనం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ‘మైనస్ సి కాపీ’ ఆప్షన్‌తో ఎంపీ4లోకి మార్చండి. ఇది బొమ్మను మళ్లీ కుదించదు, ఉన్న డేటాను ఉన్నట్టే ఎత్తి కొత్త కవరులో పెడుతుంది. రెండు గంటల వీడియో అయినా కొద్ది నిమిషాల పని, నాణ్యత ఇసుమంత కూడా తగ్గదు. కన్వర్టర్ సాఫ్ట్‌వేర్లు గంటల తరబడి మళ్లీ ఎన్‌కోడ్ చేసి ఇచ్చేది ఇంతకంటే నాసిరకంగా ఉంటుంది. పెళ్లి వీడియోలను అలా పాడుచేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

ప్రశ్న: ఎంపీ4 సిగ్నేచర్ 00 00 00 18 66 74 79 70 అని ఒక పట్టికలో చదివాను. నా ఫోన్ ఫైళ్లు 00 00 00 1సి తో, స్నేహితుడి ఐఫోన్ ఫైళ్లు 00 00 00 14 తో మొదలవుతున్నాయి. ఇవి చెడిపోయినట్టా? (నిజామాబాద్)

జవాబు: మీ ఫైళ్లు బాగానే ఉన్నాయి, తప్పు ఆ పట్టికలోనే ఉంది. ఎంపీ4 ఫైలంటే వరుసగా పేర్చిన బాక్సులు. ప్రతి బాక్సు మొదట్లో నాలుగు బైట్లు దాని పరిమాణం, తర్వాతి నాలుగు బైట్లు దాని పేరు. మొదటి బాక్సు పేరు ఎఫ్‌టివైపి, అదే 66 74 79 70. ముందున్న నాలుగు బైట్లు ఆ బాక్సు పొడవు మాత్రమే, కాబట్టి అది ఫైలును బట్టి మారుతుంది.

లెక్క వేసి చూడండి. పరిమాణానికి 4, పేరుకు 4, ప్రధాన బ్రాండ్‌కు (ఫైలు ఏ రకమో చెప్పే నాలుగక్షరాల గుర్తుకు) 4, వెర్షన్‌కు 4, మొత్తం 16 బైట్లు. ఆ తర్వాత ఈ ఫైలు ఏయే బ్రాండ్లకు సరిపోతుందో చెప్పే జాబితా, ఒక్కోదానికి నాలుగేసి బైట్లు. రెండు బ్రాండ్లుంటే 24, అంటే హెక్సాలో 18. మూడుంటే 28, అది 1సి. నాలుగుంటే 32, అది 20. ఒక్కటే ఉంటే 20, అది 14. మీ స్నేహితుడి ఫైల్లో 8వ స్థానం నుంచి 71 74 20 20 కనిపిస్తుంది. అది క్విక్‌టైమ్ బ్రాండ్, అంటే ఆ ఫైలు ఎంఓవీ. అక్కడ 69 73 6ఎఫ్ 6డి లేదా 6డి 70 34 32 ఉంటే మామూలు ఎంపీ4, 33 67 70 తో మొదలైతే పాత ఫోన్ల 3జీపీ.

ఇంకో సంగతి. బాగా పాత క్విక్‌టైమ్ ఫైళ్లలో ఎఫ్‌టివైపి బాక్సే ఉండదు. 4వ స్థానంలో నేరుగా 6డి 6ఎఫ్ 6ఎఫ్ 76, 6డి 64 61 74 లేదా 77 69 64 65 కనిపిస్తే అదీ ఎంఓవీ కుటుంబమే.

ప్రశ్న: 2003లో జరిగిన మా పెళ్లి వీసీడీలు మూడు ఉన్నాయి. లోపల ఏవీసెక్01 అనే డాట్ (డీఏటీ) ఫైలు ఉంది. డాట్ ఫైలును ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో కంప్యూటర్ అడుగుతోంది. దీన్ని పిల్లల ఫోన్లలో చూసేలా మార్చడం ఎలా? (తెనాలి)

జవాబు: డాట్ అనే ఎక్స్‌టెన్షన్‌ను ఎన్నో ప్రోగ్రాములు ఇష్టం వచ్చినట్టు వాడుకున్నాయి. ఈమెయిల్‌లో వచ్చే విన్‌మెయిల్ డాట్ ఫైలు 78 9ఎఫ్ 3ఇ 22 తో మొదలవుతుంది, దానికీ వీడియోకూ ఏ సంబంధం లేదు. ఇలాంటి చోట సిగ్నేచర్ చూడక తప్పదు.

వీసీడీ నుంచి విండోస్‌లో కాపీ చేసిన ఫైలు 52 49 46 46 తో మొదలై, 8వ స్థానంలో 43 44 58 41 చూపిస్తుంది. ఈ రెండూ ఉంటే అది మీ పెళ్లి వీడియోనే. మొదటి 44 బైట్లు కవరు. ఆ తర్వాత 2352 బైట్ల చొప్పున సీడీ సెక్టార్లు వరుసగా ఉంటాయి. ప్రతి సెక్టారూ ఒక 00, పది ఎఫ్‌ఎఫ్‌లు, మళ్లీ ఒక 00 తో మొదలవుతుంది. సెక్టారు తొలి 24 బైట్లు సీడీ సొంత వివరాలు, తర్వాతి 2324 బైట్లే అసలు ఎంపెగ్ డేటా. ఆ డేటాలో 00 00 01 బిఎ వెతకండి. వెంటనే వచ్చే బైటు 2 తో మొదలైతే, ఉదాహరణకు 21 అయితే, అది ఎంపెగ్-1, వీసీడీలో ఉండాల్సింది అదే. 44 కనబడితే అది ఎంపెగ్-2, డీవీడీ కోవకు చెందినది.

మార్చే ముందు మూడు డిస్కులనూ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇరవై ఏళ్లు దాటిన డిస్కును పదే పదే తిప్పడం మంచిది కాదు. కాపీ మధ్యలో ఆగితే డిస్కును మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచువైపు నేరుగా తుడవండి, గుండ్రంగా రుద్దకండి. వేరే డ్రైవులో కూడా ప్రయత్నించండి, ఒక డ్రైవు చదవలేని సెక్టారును ఇంకొకటి చదవడం మామూలే. లినక్స్‌లో మామూలు కాపీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే ఈ సెక్టార్లు సాధారణ డేటా సీడీ పద్ధతిలో ఉండవు. అక్కడ వీసీడీఇమేజర్ ప్యాకేజీలోని వీసీడీఎక్స్‌రిప్ వాడాలి.

కాపీ అయ్యాక ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు ఆ డాట్ ఫైలును ఇచ్చి ‘మైనస్ సి కాపీ’తో ఎంపీజీ ఫైలుగా మార్చండి. సెక్టార్ల మధ్య చెత్తను అదే వదిలేస్తుంది. ఆ ఎంపీజీని శాశ్వత ప్రతిగా దాచండి. ఫోన్లకోసం విడిగా హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో ఎంపీ4 తయారుచేసుకోండి. మన దేశపు వీసీడీల్లో బొమ్మ 352 × 288 మాత్రమే. దాన్ని ఫుల్ హెచ్‌డీకి ‘పెంచి’ ఇస్తామనే వాళ్లకు డబ్బు పోయకండి. లేని వివరం పుట్టుకురాదు, ఫైలు మాత్రం బరువెక్కుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో తీసిన గృహప్రవేశం వీడియోను డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి పంపాం. మీరు చెప్పే ఎంపీ4 సిగ్నేచర్ సరిగ్గానే ఉంది. మా దగ్గర ఆడుతోంది. తన ఐఫోన్‌లో మాత్రం సౌండ్ వస్తోంది, బొమ్మ రావడం లేదు. (హైదరాబాద్)

జవాబు: సిగ్నేచర్ కవరు గురించి మాత్రమే చెబుతుంది. టిఫిన్ క్యారియర్‌ను చూసి లోపలి కూర ఏదో చెప్పలేం కదా. బొమ్మను ఏ కోడెక్‌లో కుదించారన్నది విడిగా చూడాలి.

ఎంపీ4లో ఆ వివరం ఎస్‌టిఎస్‌డి బాక్సులో ఉంటుంది. హెక్స్ ఎడిటర్‌లో 73 74 73 64 కోసం వెతికి, ఆ దగ్గర్లో చూడండి. 61 76 63 31 ఉంటే హెచ్.264. 68 76 63 31 లేదా 68 65 76 31 ఉంటే హెచ్.265. ఫైలు మొదట్లోనే 61 76 63 31 కనబడిందని తొందరపడకండి, ఎఫ్‌టివైపి బ్రాండ్ల జాబితాలో కూడా అదే రాస్తారు. అక్కడున్నది లెక్కలోకి రాదు, ఎస్‌టిఎస్‌డి పక్కన ఉన్నదే కోడెక్.

మీ ఫైల్లో 68 65 76 31 ఉండే అవకాశం ఎక్కువ. రెండు ట్యాగులూ హెచ్.265వే. ఆపిల్ ప్లేయర్లు 68 76 63 31 ట్యాగు ఉన్నదాన్నే ఆడిస్తాయి, రెండోదానికి బొమ్మ చూపించవు. ఎడిటర్‌లో ఆ రెండు బైట్లు చేత్తో దిద్దితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. అది ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు. 68 65 76 31 రకంలో బొమ్మ విప్పడానికి కావలసిన సెట్టింగులు హెడర్‌లో కాకుండా వీడియో ధారలోనే ఉండొచ్చు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ‘మైనస్ సి కాపీ’తో పాటు వీడియో ట్యాగు ఆప్షన్‌గా హెచ్‌విసి1 ఇవ్వండి. పని పద్ధతిగా జరుగుతుంది, మళ్లీ ఎన్‌కోడింగ్ ఉండదు. తర్వాత వాట్సాప్‌లో మామూలు వీడియోలా పంపకండి, అది మళ్లీ కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి.

ఏవీఐ ఫైళ్ల విషయంలో ఇది ఇంకా తేలిక. సాధారణంగా 112వ స్థానంలో, అంటే హెక్సా 70 దగ్గర, కోడెక్ నాలుగక్షరాల పేరు నేరుగా చదవొచ్చు. 188వ స్థానంలో, హెక్సా బిసి దగ్గర, అదే మళ్లీ ఉంటుంది. రెండూ వేర్వేరుగా ఉంటే 188లో ఉన్నదాన్ని నమ్మండి.

ప్రశ్న: రిసెప్షన్ షూట్‌లో కెమెరా బ్యాటరీ హఠాత్తుగా పోయింది. కార్డులో 6 జీబీ ఫైలు ఉంది. ‘మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్’ అని ఎర్రర్ వస్తోంది. సిగ్నేచర్ సరిగ్గానే ఉంది. పెళ్లివారికి ఏం చెప్పాలో తెలియడం లేదు. (రాజమహేంద్రవరం)

జవాబు: మొదట చేయాల్సిన పని, ఆ కార్డులో ఇంకేమీ రికార్డు చేయకండి. కార్డు మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే బైటు బైటునా నకలుగా కాపీ చేసి, ఆ కాపీ మీదే ప్రయోగాలు చేయండి.

బొమ్మ, సౌండ్ ఉండే బాక్సు ఎండిఎటి, అదే 6డి 64 61 74. ఏ ఫ్రేము ఎక్కడ మొదలై ఎంత పొడవుందో చెప్పే సూచిక మూవ్ బాక్సు (ఎర్రర్‌లో ఆటమ్ అన్నది దీన్నే), అదే 6డి 6ఎఫ్ 6ఎఫ్ 76. కెమెరా రికార్డింగ్ ముగించే క్షణంలోనే ఆ సూచికను రాస్తుంది. కరెంటు ముందే పోతే డేటా అంతా కార్డు మీదికి చేరి ఉంటుంది కానీ సూచిక ఉండదు. అందుకే సిగ్నేచర్ బాగున్నా ఏ ప్లేయరూ దాన్ని ఆడించలేదు.

ఎడిటర్‌లో 6డి 6ఎఫ్ 6ఎఫ్ 76 కోసం చివరి నుంచి వెనక్కి వెతకండి. దొరక్కపోతే నిర్ధారణ అయినట్టే. ఎండిఎటి ముందున్న పరిమాణాన్ని కూడా చూడండి. అక్కడ 00 00 00 01 ఉంటే పేరు తర్వాతి ఎనిమిది బైట్లలో అసలు పరిమాణం ఉంటుంది, నాలుగు బైట్లలో 4 జీబీకి మించిన అంకె పట్టదు కాబట్టి ఈ ఏర్పాటు. ఆగిపోయిన రికార్డింగుల్లో అక్కడ సున్నాలో అర్థంలేని అంకో కనబడొచ్చు, బెంగపడకండి.

అన్‌ట్రంక్ అనే ఉచిత సాధనం ఇలాంటి ఫైలును బాగుచేస్తుంది. దానికి రెండు ఫైళ్లు ఇవ్వాలి, ఒకటి చెడిపోయినది, రెండోది అదే కెమెరాతో తీసిన మంచి ఫైలు. రెండో ఫైలే కీలకం. రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు, కోడెక్, ఆడియో సెట్టింగు అన్నీ ఆరోజు ఉన్నట్టే ఉండాలి. ఆ మంచి ఫైల్లోని సూచికను నమూనాగా పెట్టుకుని చెడిన ఫైల్లో ఫ్రేముల హద్దులు గుర్తిస్తుంది. 50 ఫ్రేముల్లో తీసినదానికి 25 ఫ్రేముల నమూనా ఇస్తే సౌండుకీ బొమ్మకీ పొంతన కుదరదు. సెట్టింగులు మార్చేసి ఉంటే వాటిని మళ్లీ అలాగే పెట్టి, వేరే కార్డులో ఒకటి రెండు నిమిషాలు తీసి, దాన్ని నమూనాగా ఇవ్వండి. పెళ్లివారికి ఇప్పుడే పోయిందని చెప్పకండి, చాలావరకు తిరిగొచ్చే ఆశ ఉంది.

కంప్యూటర్ మీద లైవ్ రికార్డ్ చేసేవాళ్లు నేరుగా ఎంపీ4లో కాకుండా ఎంకేవీలో రికార్డు చేసుకోవడం మేలు. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రాసింది ఆడుతుంది.

ప్రశ్న: మా దుకాణంలో దొంగతనం జరిగింది. సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డర్) నుంచి తీసిన ఫైలు ఏ ప్లేయర్‌లోనూ ఆడటం లేదు. పోలీసులకు మామూలు ఎంపీ4గా మార్చి ఇస్తే సరిపోతుందా? (అనంతపురం)

జవాబు: మార్చిన ప్రతి చూసుకోవడానికి పనికొస్తుంది, సాక్ష్యంగా అసలు ఫైలే ఇవ్వాలి. కాబట్టి డీవీఆర్ ఇచ్చిన ఫైలును ముట్టుకోకుండా ఒక కాపీ తీయండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్‌కు హ్యాష్‌ఫైల్ ఆప్షన్ ఇచ్చి అసలు ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) తీసి రాసిపెట్టుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హ్యాష్ విలువ నింపాలి. పాత చట్టంలో 65బి అని అందరికీ తెలిసిన సెక్షన్ స్థానంలో వచ్చింది ఇదే.

ఇక కాపీని తెరిచి చూడండి. 44 48 41 56 తో మొదలైతే అది దహువా పద్ధతి, ఎక్స్‌టెన్షన్ డీఏవీ అని ఉంటుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కొత్త వెర్షన్లు దీన్ని నేరుగా చదువుతాయి. 49 4డి 4బి 48 ఉంటే హిక్‌విజన్ పద్ధతి. పేరు ఎంపీ4 అని ఉన్నా లోపల సాధారణంగా 40 బైట్ల హెడర్, ఆ వెనుక 00 00 01 బిఎ తో ఎంపెగ్ ప్రోగ్రామ్ స్ట్రీమ్ ఉంటాయి. 00 00 00 01 67 తో మొదలైతే ఏ కవరూ లేని వట్టి హెచ్.264. 00 00 00 01 40 01 అయితే వట్టి హెచ్.265. వట్టి ధారలో సమయం వివరాలు సరిగా ఉండవు, ఎంపీ4గా మార్చేటప్పుడు ఫ్రేమ్ రేటు మీరే చెప్పాలి. డీవీఆర్ సెట్టింగ్‌లో 15 ఉండగా మీరు 25 ఇస్తే మనుషులు పరుగెడుతున్నట్టు కనిపిస్తారు.

కంపెనీ సొంత ప్లేయర్‌ను కూడా ఫైలుతోపాటు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి. డీవీఆర్ గడియారానికీ అసలు సమయానికీ తేడా ఎంతుందో ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. ఇవన్నీ త్వరగా చేయండి, డిస్కు నిండగానే డీవీఆర్ పాతవాటి మీదే కొత్తవి రాసేస్తుంది.

ప్రశ్న: టెలిగ్రామ్ లింకులో దిగిన సినిమా ఫైలు 4డి 5ఎ తో మొదలవుతోంది. ఇది ఏ వీడియో ఫార్మాట్? (కర్నూలు)

జవాబు: అది వీడియోనే కాదు, విండోస్ ప్రోగ్రామ్. దాన్ని డబుల్ క్లిక్ చేయకుండా తొలగించి, కంప్యూటర్‌ను యాంటీవైరస్‌తో పూర్తిగా స్కాన్ చేయండి. విండోస్‌లో తెలిసిన ఎక్స్‌టెన్షన్లను దాచే సెట్టింగు మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. అందుకే చివరి ఈఎక్స్ఈ కనబడక, దానికి ముందున్న ఎంపీ4 మాత్రమే కనిపిస్తుంది. ఆ సెట్టింగును తీసేయండి. 50 4బి 03 04 ఉంటే జిప్, 52 61 72 21 ఉంటే రార్. 3సి 21 లేదా 3సి 68 తో మొదలైతే వీడియో బదులు వెబ్‌పేజీ దిగింది. అన్నీ సున్నాలైతే స్థలం కేటాయించారు గానీ డేటా రాలేదని అర్థం, దాన్ని ఏ రిపేర్ సాధనమూ బాగుచేయలేదు.

ప్రశ్న: పాఠశాల వెబ్‌సైట్‌లో పిల్లలు ప్రాజెక్టు వీడియోలు అప్‌లోడ్ చేస్తారు. బ్రౌజర్ పంపే కంటెంట్ టైప్ (ఇది ఏ రకం ఫైలో చెప్పే మాట) చూసి అనుమతిస్తున్నాను. సిగ్నేచర్ తనిఖీ ఎలా రాయాలి? (వరంగల్)

జవాబు: బ్రౌజర్ సాధారణంగా ఎక్స్‌టెన్షన్ చూసే ఆ కంటెంట్ టైప్‌ను నింపుతుంది, పైగా పంపేవాళ్లు దాన్ని ఎలాగైనా మార్చొచ్చు. దాన్ని నమ్మకండి. వీలైతే సొంతంగా రాయకుండా, సిగ్నేచర్లు చూసి ఫైలు రకం చెప్పే లిబ్‌మ్యాజిక్ లైబ్రరీ వాడండి. పీహెచ్‌పీలో ఫైల్‌ఇన్ఫో, పైథాన్‌లో పైథాన్-మ్యాజిక్ దాని మీదే నడుస్తాయి. 1973 నుంచి యూనిక్స్‌లో ఉన్న ఫైల్ కమాండ్ వెనుక ఉన్న ఆలోచనే ఇది, దశాబ్దాలుగా పదునెక్కింది.

సొంతంగా రాయాల్సి వస్తే తొలి 4096 బైట్లను బైనరీ మోడ్‌లో చదవండి. ఎఫ్‌టివైపి దొరికాక అక్కడే ఆగితే ఐఫోన్ ఫొటోలు కూడా వీడియోలుగా లోపలికి వస్తాయి. 68 65 69 63, 6డి 69 66 31, 61 76 69 66 బ్రాండ్లు బొమ్మలవి, 4డి 34 41 20 ఆడియోది. బాక్సు పరిమాణం 16 కంటే తక్కువైనా, 4తో భాగించబడకపోయినా తిరస్కరించండి.

ఎంకేవీ, వెబ్‌ఎంల దగ్గర చాలామంది తడబడతారు, ఎందుకంటే ఈ రెండిట్లో ఏదో చెప్పే డాక్‌టైప్ (42 82 తో మొదలయ్యేది) ఫలానా స్థానంలోనే ఉంటుందనుకుంటారు. 1ఎ 45 డిఎఫ్ ఎ3 తర్వాత వచ్చే పరిమాణాన్ని ఒక బైటులో రాయొచ్చు, ఎనిమిది బైట్లలోనూ రాయొచ్చు. ఎ3 అని ఒకే బైటు ఉంటే పై బిట్ తీసేయగా మిగిలేది హెక్సా 23, అంటే 35 బైట్ల హెడర్. అదే విలువను 01 00 00 00 00 00 00 23 అని రాసే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. రెండూ సరైనవే. కాబట్టి మొదటి బైటులోని బిట్లను బట్టి పొడవు తేల్చి, ఆ హెడర్ హద్దులోనే 42 82 వెతకండి.

సిగ్నేచర్ సరిపోయినంత మాత్రాన ఫైలు నిరపాయం అనుకోవద్దు. మొదటి పన్నెండు బైట్లు సరిగా పెట్టి వెనుక ఏదైనా నింపొచ్చు. తర్వాతి మెట్టుగా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో వచ్చే, ఫైలు వివరాలు చదివి చెప్పే ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌ను సమయ పరిమితితో, వేరే యూజర్ అకౌంట్ కింద నడిపి, నిజంగా వీడియో ట్రాక్ ఉందో లేదో చూడండి. అది ఎంపీ4కీ ఎంఓవీకీ ఒకే ఫార్మాట్ పేరు ఇస్తుంది. తేడా కావాలంటే మేజర్ బ్రాండ్ ట్యాగు చదవాలి. పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. 23 45 58 54 4డి 33 55 తో మొదలయ్యే చిన్న టెక్స్ట్ ఫైలు నిజానికి హెచ్‌ఎల్‌ఎస్ ప్లేలిస్టు, అంటే వీడియో ముక్కలు ఎక్కడున్నాయో చెప్పే జాబితా. దాన్ని వీడియో పేరుతో పంపి, సర్వర్‌లోని వేరే ఫైళ్లను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చేత చదివించిన దాడులు జరిగాయి. సిగ్నేచర్ తనిఖీలోనే దీన్ని ఆపండి, ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌కు ఫార్మాట్ వైట్‌లిస్టు, ప్రోటోకాల్ వైట్‌లిస్టు కూడా ఇవ్వండి. పిల్లలు పెట్టిన ఫైలు పేరును వాడకుండా మీ సొంత పేరు పెట్టి, వెబ్ ఫోల్డర్ బయట దాచండి.

ప్రశ్న: హ్యాండీక్యామ్‌లోని ఎంటీఎస్ ఫైళ్ల మొదట్లో ఏ సిగ్నేచరూ కనబడటం లేదు, ఒక్కో ఫైలు ఒక్కో రకంగా మొదలవుతోంది. (విజయనగరం)

జవాబు: మీ ఎంటీఎస్ ఫైళ్లు ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ రకం, అంటే చిన్న చిన్న ప్యాకెట్ల వరుస. దానికి ప్రత్యేకంగా ఫైలు హెడర్ ఉండదు, ప్రతి ప్యాకెట్ మొదట్లో 47 అనే ఒక్క బైటే గుర్తు. టీవీ ప్రసారాల టీఎస్ ఫైళ్లలో అది 0, 188, 376 స్థానాల్లో వస్తుంది. మీ కెమెరా వాడే ఏవీసీహెచ్‌డీలో ప్రతి ప్యాకెట్‌కు ముందు నాలుగు బైట్ల సమయ ముద్ర ఉంటుంది, ప్యాకెట్ 192 బైట్లు అవుతుంది. కాబట్టి 4, 196, 388 స్థానాల్లో, హెక్సాలో 04, సి4, 184 దగ్గర 47 చూడండి. మీకు మొదట్లో మారుతూ కనబడుతున్నది ఆ సమయ ముద్రే. ఒక్క 47 చూసి నిర్ణయించకండి, గిఫ్ బొమ్మ కూడా 47 తోనే మొదలవుతుంది. వరుసగా అయిదు ప్యాకెట్లలో సరైన దూరంలో ఉంటేనే లెక్క. ఫైలు ప్యాకెట్ మధ్యలో తెగి మొదలైతే 47 ఇంకొంచెం ముందుకు జరిగి ఉంటుంది, అప్పుడు మొదటి 192 బైట్లలో కనబడిన ప్రతి 47 నుంచీ ఇదే దూరం కొలిచి చూడండి.